చప్పిడి భోజనానికి తోడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా దానికి పేరు ఒక్కటే, ఉష్ణం. తలనొప్పి వస్తే ఉష్ణం, కళ్ళు తిరిగితే ఉష్ణం, ఊరికే కోపం వచ్చినా ఉష్ణమే. మందు కూడా ఒక్కటే. పెద్ద చెంబుడు మజ్జిగలో చేతికి వచ్చినంత ఉప్పు వేసుకుని గటగటా తాగెయ్యడం. మా తాతయ్య పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ వైద్యం చేసుకుంటూనే ఉండేవాడు. మజ్జిగ చిలికి, ఉప్పు కలిపి అందించే ఉద్యోగం నాది. అబ్బో, ఎంత గర్వంగా చేసేదాన్నో!

మేముండింది బెంగళూరు పాతపేటలో, నేతపనివాళ్ళ సందులో. ఒకే వాకిలి చుట్టూ నాలుగైదు చిన్న ఇళ్ళుండే వఠారం అది. మాది తరాల నుంచి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబం. కుటుంబం అంటున్నాను గానీ, నాకు ఊహ తెలిసేసరికి మిగిలింది ఇద్దరమే, తాతయ్య, నేను. మా అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నాన్న వేరే సంసారం పెట్టుకుని దూరంగా వెళ్ళిపోయాడు. అవ్వ పోయాక ఇంట్లో మాటలు కూడా ఆమెతోనే వెళ్ళిపోయాయి. మగ్గం ఆడుతున్నంత సేపు పర్వాలేదు, అది ఆగిందంటే ఆ ఇంట్లో కూర్చోవడానికి నాకు భయంగా ఉండేది.

తాతయ్య నాకు పప్పో చారో వండి ముందు నాకు పెట్టేసేవాడు. తను మాత్రం నాతో కూర్చునేవాడు కాదు. నేను తిని లేచాక, మగ్గం గుంత అంచున గోడవైపు తిరిగి కూర్చుని, అన్నంలో ఇంత ఊరగాయ కలుపుకుని, అప్పడం నంజుకుని, మీద ఉప్పుమజ్జిగ పోసుకుని ముగించేవాడు. పప్పు వేసుకో తాతా అంటే, ముసలోనికి ఊరగాయ చాల్లే అనేవాడు. అవ్వ ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే పళ్ళెం దగ్గర చేరి నవ్వుకుంటూ తినేవాళ్ళట. ఆ సంగతి నాకు తర్వాత గానీ తెలియలేదు. అప్పట్లో తాతయ్యకు ఊరగాయంటే అంత ఇష్టమేమో అనుకునేదాన్ని.

అదే సందులో తాతయ్య తమ్ముడు ఉండేవాడు. ఒకరోజు పొద్దున మగ్గం మీద ఉండగానే, దారాన్ని అటూ ఇటూ ఆడించే నాడె ఆయన చేతిలోంచి జారిపోయింది. తీసుకోబోతే చెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకు లాగేసింది. వచ్చిన డాక్టరు చెయ్యగలిగింది చేశాడు గానీ, వారం తిరక్కుండానే చిన్నతాతయ్య పోయాడు. నిన్నటిదాకా నన్ను ఆటపట్టించిన మనిషి అలా ఉన్నట్టుండి లేకుండా పోవడం నాకు అంతుపట్టలేదు.

ఆ డాక్టరుకి ఏమనిపించిందో ఏమో, పరామర్శకు వచ్చినప్పుడు తాతయ్య చేతికి కూడా పట్టీ చుట్టి, గాలి కొట్టి చూశాడు. చూసి మళ్ళీ చూశాడు. తమ్ముడికి ఉన్నదే నీకూ ఉంది, రక్తపు పోటు, అన్నాడు. కన్నడంలో నిదానంగా చాలాసేపు చెప్పాడు. ఇది నొప్పి పుట్టించే జబ్బు కాదు, పైకి ఏమీ తెలియనివ్వదు, అందుకే దీంతో జాగ్రత్త అన్నాడు. ఇది కొన్ని వంశాల్లో దిగుతుందట, వయసుతో పెరుగుతుందట, ఉప్పు దాన్ని ఎగదోస్తుందట, బీడీ తోడైతే ఇంక అడ్డే లేదట. నిద్ర లేకపోవడం, లోపల్లోపలే కుమిలిపోవడం కూడా మంచిది కాదన్నాడు. రోజూ మాత్ర వేసుకో, ఉప్పు తగ్గించు, బీడీ మానెయ్, పొద్దున్నే నాలుగు వీధులు నడిచి రా. ఊరగాయ, అప్పడం, ఆ ఉప్పుమజ్జిగ పూర్తిగా మానెయ్. మజ్జిగ అనగానే నా చేతుల వంక చూసుకున్నాను, రోజూ ఉప్పు కలిపి ఇచ్చింది నేనే కదా.

తాతయ్య అన్నిటికీ తల ఊపాడు. డాక్టరు గడప దాటాడో లేదో, "నొప్పే లేదంటాడు, మళ్ళా జబ్బు ఉండాదంటాడు, ఇదేం లెక్కప్పా?" అని మాత్రలు తీసుకుపోయి దారపు కండెల వెనక పెట్టేశాడు. బీడీ ఒక్కటి మానేశాడు, అదీ తమ్ముడి మీద బెంగతో. మిగతాదంతా మామూలే. చప్పిడి కూడు ఒక్క పూట నోట్లో పెట్టుకుని, దీనికన్నా పస్తుండేది మేలని ఊరగాయ జాడీ దగ్గరికి జరుపుకున్నాడు. నేను ఏడ్చాను, అలిగాను, మజ్జిగ ఇవ్వనన్నాను. ఆయనే చిలుక్కున్నాడు. ఆయన మగ్గం ఆపిన ప్రతిసారీ నేను పరుగెత్తుకెళ్ళి మూతి వంకర తిరిగిందేమో అని చూసేదాన్ని. ఆయన కూడా పోతే నాకు ఈ లోకంలో ఎవరున్నారు? ఆ వయసులో నాకు తెలిసిన భయం అదొక్కటే.

నా ఏడుపు విన్నది పక్కింటి అక్క. హిందూపురం అవతల ఏదో పల్లె ఆమెది, కొత్తగా పెళ్ళై వచ్చింది. వాళ్ళాయనకు బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని. చీకటితో బస్సెక్కితే చీకటి పడ్డాకే రావడం. రోజంతా అక్క ఆ ఒంటి గదిలోనే ఉండేది. వఠారంలో ఆమె గొంతు పెద్దగా విన్న గుర్తు లేదు. నన్ను పిలిచి జడ వేస్తూ, ఏమే, ఎందుకు రోజూ శోకాలు, అని ఆరా తీసింది. నేను అంతా చెప్పేశాను. ఆమె జడ ముడి వేసి నన్ను ఇంటికి పంపేసింది.

మర్నాడు సాయంత్రం అక్క మా గడప దగ్గరికి వచ్చి, తలవంచుకుని నిలబడింది.

"తాతా, ఒక ఉపకారం చేస్తావా? డాక్టరు నాకూ పోటుండాదన్న్యాడు. ఉప్పు ముట్టద్దన్న్యాడు. మా ఆయప్ప రాత్రికి గానీ రాడు. ఒక్కదాన్నే కూర్చోని ఆ చప్పిడి కూడు తినాలంటే బేజారు తాతా, గొంతు దిగల్యా. నువ్వు, పాప వచ్చి నాకు తోడుగా తినండి."

తాతయ్య అదిరిపడ్డాడు. "ఇంత చిన్నపిల్లకు పోటేంది తల్లీ!" అన్నాడు. తన సంగతి ఎత్తనే లేదు. కాసేపు తల గోక్కుని, "సరే పద, నువ్వు తినాల గదా" అని చొక్కా వేసుకున్నాడు.

ఆ రోజు నుంచి సాయంకాలం భోజనం అక్క గదిలోనే. బియ్యం, పప్పు మా ఇంటి నుంచి, వంట ఆమెది. మొదటి రోజు తాతయ్య ముఖం చూడాలి! ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కానీ అక్క ఎదురుగా ఉంది కదా, ఆమె దిగులు పడుతుందని మింగేసి, "బాగుండాది, బాగుండాది" అన్నాడు. అక్క గడుసుది. ఉప్పు ఒక్కసారిగా తీసెయ్యలేదు, రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోయింది. దాని బదులు నిమ్మకాయ పిండేది, మిరియాలు దంచేది, కొత్తిమీర గుప్పెడు పోసేది. మజ్జిగలో అల్లం, కరివేపాకు నలిపి వేసేది. కొన్నాళ్ళకు తాతయ్యే, ఊరగాయ నాలుక మీద పెడితే చేదెక్కినట్టుంది అన్నాడు. భోజనం కాగానే అక్క ఒక బిళ్ళ అరచేతిలో పెట్టుకుని, మింగలేనట్టు ముఖం చిట్లించేది. "ఇట్ల మింగాల, చూడు" అని తాతయ్య తన మాత్ర తెప్పించుకుని ఆమె ముందు వేసుకునేవాడు. పొద్దున్నే నడకకు కూడా ఆమెకు తోడని బయల్దేరేవాడు. నడుస్తూ నడుస్తూ తమ్ముడి గురించి, అవ్వ గురించి చెప్పుకునేవాడు. వెనకాల నడిచే నేను అవన్నీ మొదటిసారి వింటున్నాను. తాతయ్య కంఠం అంత మెత్తగా ఉంటుందని కూడా నాకు అప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళేసరికి అక్క ఒక్కతే కూర్చుని ఎర్రగా ఊరగాయ కలుపుకుని తింటోంది. గిన్నె అక్కడే పడేసి నేను గొల్లుమన్నాను. "వద్దక్కా, చచ్చిపోతావు! మూతి వంకర పోతుంది!" అని ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. అక్క మొదట బిత్తరపోయింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "నాకేం పోటూ లేదు, ఏం లేదు, ఊరుకోవే, సుమ్నుండే మొద్దూ! రోజూ నేను మింగేది పెప్పర్‌మెంటు బిళ్ళే" అంది. తాతయ్యకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. నాకు ఒక బిళ్ళ లంచం కూడా ఇచ్చింది, దాచిపెట్టడం దేనికి.

కొన్నాళ్ళ తర్వాత డాక్టరు మళ్ళీ పట్టీ చుట్టి చూశాడు. పోటు బాగా దిగిందన్నాడు. తాతయ్య అంత సంతోషంగా ఇంటికి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. వస్తూనే, "తగ్గిపాయ గదా, ఇంక మాత్రెందుకు?" అని ప్రకటించేశాడు. నేను పరుగున వెళ్ళి అక్కను పిలుచుకొచ్చాను. అక్క మా మగ్గం మీద తాడుతో బిగించి కట్టిన నిలువు దారాల వైపు చూసి, "పడుగు సరిగ్గా నిలిచిందని తాడు విప్పేస్తావా తాతా? తాడు ఉండబట్టే గదా నిలిచింది" అంది. నేతపనిలో పుట్టి పెరిగినవాడికి ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. గొణుక్కుంటూ మాత్ర వేసుకున్నాడు. అప్పుడనే కాదు, ఆ తర్వాత కూడా మానలేదు.

ఇంతలో వాళ్ళాయనకు రోజూ అంత దూరం తిరగడం కష్టమై బొమ్మసంద్రలోనే ఇల్లు చూసుకున్నారు. సామాను బండికి ఎక్కిస్తుంటే నేను అక్కను వదలలేదు. నువ్వు పోతే తాతయ్య మళ్ళీ గోడవైపు తిరిగి ఊరగాయ తింటాడు, నువ్వు చెప్పింది ఉత్త అబద్ధమని తెలిస్తే అసలు తినడు, అని ఏడ్చాను. అక్క నన్ను పక్కకు తీసుకుపోయి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"పోటు అబద్ధమే పాపా. ఒక్కదాన్నే తినలేననింది మాత్రం నిజమే. మీరు రాకముందు నాకు రోజూ అన్నం గొంతులో అడ్డం పడేది. ఎవరితో చెప్పేది? సిగ్గయ్యేది. తాతయ్య సాకున అడిగేసినా."

తాతయ్యకు మంచి చెయ్యడానికి ఆడిన నాటకం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ నాటకంతో ఆమె కూడా బతికిందని నాకు అప్పుడే తెలిసింది. బండి సందు మలుపు తిరిగాక వఠారం బోసిపోయింది.

ఆ సాయంత్రం తాతయ్య పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఊరగాయ జాడీ అటకమీదే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. నేను జాడీనీ ఆయన చేతినీ మార్చి మార్చి చూస్తున్నాను. ఆయన మిరియాలు దంచి చారు పెట్టాడు. నాకు వడ్డించాడు. నేను తినబోతుంటే, "ఉండు పాపా" అని ఇంకో పళ్ళెం తెచ్చుకుని నా ఎదురుగా చతికిలబడ్డాడు. "నాకు తోడుగా తినమ్మా, ఒక్కనికి సయించల్యా" అన్నాడు. ఆ పెద్దాయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు ఉన్నాడు. నేను ఉద్యోగంలో చేరడం చూశాడు, మొదటి జీతంతో కొన్న పంచె కట్టుకున్నాడు. చివరిదాకా మేమిద్దరం ఎదురెదురుగానే తిన్నాం.

ఇప్పుడు నాకూ బీపీ ఉంది. వంశంలోనే ఉన్నది, ఎక్కడికి పోతుంది! ఉండేది మారతహళ్ళిలో, ఒక అపార్టుమెంటులో. పెళ్ళి చేసుకోలేదు, అదో పెద్ద కథ, వదిలేయండి. రిటైరయ్యాక పలకరింపులు కూడా రిటైరయ్యాయి. మాత్ర ఏనాడూ మానలేదు. పొద్దున్నే నడుస్తాను. వంటలో ఉప్పు వేసీ వెయ్యనట్టు వేస్తాను. మొన్న డాక్టరమ్మ, రీడింగ్ బాగానే ఉంది గానీ ముఖం వాడినట్టుందేంటి, ఇంట్లో ఎవరెవరున్నారమ్మా, అని అడిగింది. అందరూ ఉన్నారని చెప్పి వచ్చేశాను.

ఎదురు ఫ్లాట్‌లో ఒక అమ్మాయి ఉంటుంది, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ కంపెనీలో పనిచేస్తోంది. సాయంత్రం అయ్యేసరికి ఆమె గుమ్మం ముందు హోటలు పొట్లం వచ్చి వాలుతుంది. తలుపు సగం తెరిచి అందుకుంటూ, "హాయ్ ఆంటీ, అంతా ఓకేనా?" అంటుంది. "ఓకే తల్లీ" అంటాను. రెండు తలుపులూ మూసుకుంటాయి. లోపల ఆమె ఒక్కతే తింటుంది, ఇక్కడ నేను ఒక్కదాన్నే తింటాను. చారు ఎక్కువ పెట్టిన రోజు గిన్నె పట్టుకుని ఆ గుమ్మం దాకా వెళ్ళి, ఏమనుకుంటుందో అని వెనక్కి వచ్చాను కూడా.

అక్క బండెక్కి వెళ్ళిపోయిన రోజు నుంచి నేను మోసుకొస్తున్నది ఇదే. ఉప్పు సంగతి నేర్చుకున్నాను, మాత్ర సంగతి నేర్చుకున్నాను. నాకు తోడుగా తిను అని అడగడం మాత్రం రాలేదు. అక్కకు ఇరవై ఏళ్ళకే వచ్చింది, తాతయ్యకు ముసలితనంలోనైనా వచ్చింది. నాకు అరవై దాటాయి. ఈ పూట కూడా చారు ఇద్దరికి సరిపడా పెట్టాను, అది ఇంకా వేడిగానే ఉంది, ఆ తలుపు నాలుగడుగుల దూరంలోనే ఉంది.