గుంతలో పెట్టాల్సిన తలకాయ

అచ్చంపేటలో బస్సెక్కిన చెంచు అవ్వ నా పక్కన కూర్చుంది. ఒళ్లో మూట, మూటలో మట్టి వదలని అడవి గడ్డలు. నేను వాటినే చూస్తుంటే ఒకటి తీసింది. చిన్న కత్తితో తీగ ఉన్న తలకాయను కోసి దాచుకుని, మిగిలింది నా చేతిలో పెట్టింది.

"ఉడకబెట్టుకొని తిను బిడ్డా. తలకాయ మాత్రం ఇయ్య."

"ఎందుకవ్వా?"

"తవ్విన గుంతలనే దాన్ని మళ్ల పెట్టి మన్ను కప్పాలె. ఏడాదికి గడ్డ ఊరుతది. ఈసారి ఫారెస్టు గార్డు అరిచేసరికి గుంతలు పూడ్వకనే వచ్చిన. మళ్ల పోయి పెట్టొస్త."

"పోనిస్తరా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "పులుల కోసమని మా గూడేన్ని అడవి బయటికి తెచ్చిన్రు. మేమున్ననాడు గూడ పులి ఉండె."

ఉప్పునుంతల దాటాక, మూటను పసిబిడ్డలా ఎత్తుకుని దిగిపోయింది.

ఏళ్లు గడిచాయి. గద్వాలలో మూడో అంతస్తులో ఉంటున్నాను. కంద తరిగినప్పుడల్లా తలకాయ కోసి కిటికీ గట్టు మీద పెడతాను. పాతడానికి నాకు జానెడు మట్టి లేదు. చెత్తబుట్టలో వేయడానికి చేతులు రావు.