కింది సగం ఖాళీ

మా వీధి వకీలు సారు పోయారన్న కబురు నాకు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో అందింది. ఫోన్లో మా కోడలు చెప్పింది. అప్పుడు నేను ఒక పట్టుగూడును చెవి దగ్గర పెట్టుకుని, లోపల పురుగు కదులుతోందా అని ఊపి చూస్తున్నాను. నిజానికి గూళ్లతో నాకు పనిలేదు. ధర్మవరంలో నాలుగు మగ్గాలు పెట్టి చీరలు నేయించుకునే మనిషిని. కానీ ఏది కనిపించినా ఆగి ఊపి చూడటం నా జబ్బు.

తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. నేను అలవాటుగా పక్కకు జరిగి చోటు ఇచ్చాను. కోర్టు ముగించుకుని ఆయన ఎక్కే స్టేషను అది. నల్లకోటు మడిచి ఒళ్లో పెట్టుకుని ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలిచేవారు. పొట్టు మాత్రం కోటు జేబులోనే వేసుకునేవారు. జడ్జి ముందు జేబులోంచి కాగితం తీయబోతే పొట్టు రాలిందని ఆయనే చెప్పి నవ్వేవారు.

నేను ఐదో తరగతి దాటలేదు. చీరలకు చుట్టే పాత పేపర్లు చదివి ఇంతవాణ్ణయ్యాను. అందుకే నా జ్ఞానం పేజీ చిరిగినచోట ఆగిపోతుంది. చిరిగిన ముక్కలో ఏముండేదో ఆయన్ని అడిగేవాణ్ణి. విసుక్కునేవారు కాదు.

ఆయన ఇంటి ప్రహరీకి వీధివైపు ఒక నల్లబల్ల ఉండేది. ఎవరు ఏమైనా రాయవచ్చు. రాసినవాళ్లు తమ రాత కింద పేరు పెట్టాలి. పై సగమే వాడుకోవాలి. కింది సగం అవతలివాడి జవాబుకు వదలాలి. ఏడు దినాలు ఎవరూ తుడవకూడదు. కోర్టు భాషలో ఆయన ఆ కింది సగాన్ని కౌంటరు అనేవారు.

రాయడం రానివాడి మాటేమిటని ఒకసారి అడిగాను. జవాబు ఆ వారమే దొరికింది. నల్లమాడ నుంచి కేసు పని మీద వచ్చిన గొర్రెలకాపరి ఒకాయన బల్ల చూసి, "నాకు రాసేది రాదు సామీ. వకీలుకు మాటలెక్కువ, వినేది తక్కువని రాయల్ల" అన్నాడు. సారు ముత్యాల్లాంటి అక్షరాలతో అదే రాసి, ఆయనచేత వేలిముద్ర వేయించారు. కింద తన కౌంటరు రాశారు: "ఒప్పుకుంటాండాను."

నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. నా వంతు రానంతవరకే లెండి.

ఒకరోజు పొద్దున పై సగంలో నా పేరు కనిపించింది. "ఈయప్ప మరమగ్గం చీరలను చేతిమగ్గమని చెప్పి అమ్మినాడు." కింద సంతకం నా మగ్గం మీదే కూలికి నేసే ఆమెది. ఒళ్లు మండింది. తడిగుడ్డ పట్టుకుని పోయాను.

సారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. "యాడికప్పా, గుడ్డ తీసుకొని?"

"తుడిచేదానికి. ఇది పరువునష్టం కాదా సార్?"

"అబద్ధమైతే చెప్పు. పెనుకొండ కోర్టులో నీ తరపున నేనే నిలబడతా. నిజమై, నలుగురి మంచికి చెప్పింటే పరువునష్టం కాదు. రెండిట్లో ఏది?"

నేను గుడ్డను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"రేపట్నుంచి ఆమెకు నా మగ్గం లేదు," అన్నాను.

"అది కౌంటరు కాదప్పా, బెదిరింపు. మాట్లాడే హక్కు రాజ్యాంగంలో పంతొమ్మిదో అధికరణంలో ఉండాది. దానికి హద్దులూ ఆడనే ఉండాయి. అది రాసింది సర్కారు చేతికి కళ్లెం వేసేదానికి. నీ చేతిలో గుడ్డకు కళ్లెం నువ్వే వేసుకోవల్ల." జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చారు. దానికి శెనక్కాయ పొట్టు అంటుకుని ఉంది.

మూడు దినాలు నేను వెనక సందులోంచి తిరిగాను. మా ఇంట్లో ఆమె మగ్గం చప్పుడు ఆగలేదు. ఎప్పుడు పొమ్మంటానో అని ఆమె నన్ను చూసేది. ఎప్పుడు నవ్వుతుందో అని నేను ఆమెను చూసేవాణ్ణి. నాలుగో దినం పోయి కింది సగంలో రాశాను: "రెండు చీరలు. నిజమే. కొన్నవాళ్లకు చెప్తా. ఇంక అట్ల చెయ్యను."

ఆమె చదివి, "ఏమన్నా, నీ మగ్గాల నేత చక్కగుంటాది గానీ నీ రాత ఇంత వంకరా?" అంది. మగ్గం మీదికి పోయి కూర్చుంది. ఇప్పటికీ అదే మగ్గం.

ఇదంతా తలుచుకుంటూ రైలు దిగి వాళ్లింటికి పోయేసరికి వీధి నిండా జనం. బల్ల మీద తాజా రాత ఉంది: "వకీలు సారు మాట తప్పినారు. ఆదివారం నాకు రాజ్యాంగంలో మిగిలిన పేజీలు చదివి చెప్తానన్నారు." ఆ రాత కింద నా మగ్గం మీద నేసే ఆమె సంతకం. ఆదివారాల్లో సారు ఆమెకు రాజ్యాంగం కొన్ని పేజీలు చదివి అర్థం చెప్పేవారు.

సారు మేనల్లుడు తడిగుడ్డతో వస్తున్నాడు. "చావింటి ముందర ఇదేం రాతలప్పా?"

నేను అడ్డం నిలబడ్డాను. "ఏడు దినాలు కాలేదు నాయనా. పైగా కౌంటరు రాలేదు."

ఆ పిల్లవాడు నా ముఖం చూసి, బల్ల వైపు చూసి, గుడ్డ పిండుకుని లోపలికి పోయాడు.

ఏడు దినాలూ అయిపోయాయి. ఎవరూ తుడవలేదు. పై సగంలో ఆమె అక్షరాలు కాస్త వెలిసిపోయాయి. చట్రం అంచున సుద్దముక్క ఉంది. దారిన పోయేవాళ్లు ఒక్కక్షణం ఆగి ఆ నల్లని కింది సగం వైపు చూస్తారు, ఏమైనా రాశారేమో అని.