ఎండిన గొట్టంలో అడుగులు

నీటి సరఫరా శాఖలో పటాలు గీసే ఆమెను చిన్నా పెద్దా అందరూ పెద్దక్క అనే పిలిచేవారు. ఊరి నేల కింద ఏ గొట్టం ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. సిబ్బందికి ఏటా జరిగే సదస్సులో ఎవరు మాట్లాడాలో తేల్చే ముగ్గురిలో ఆమె ఒకతె. మిగతా ఇద్దరూ ఎంపికైనవాళ్లకు టిక్కులు పెట్టి చేతులు దులుపుకునేవారు. పెద్దక్క మాత్రం ఎంపిక కానివాళ్లకు ఒక్కొక్కరికీ ఉత్తరం రాసేది. ఏది బాగుంది, ఎక్కడ తేలిపోయింది, ఈసారి ఎలా రాయాలి, అన్నీ.

"కాదన్నాక కారణాలెందుకక్కా? తిట్టించుకోవడానికా?" అని చెల్లెలు ఎగతాళి చేసేది.

"నాకూ రెండుసార్లు 'ఎంపిక కాలేదు' అని ఒక్క ముక్క వచ్చిందే. దాన్నేం చేసుకోవాలి, ఫ్రేము కట్టించుకోవాలా?"

ఆ ఏడు లీకులు వినే మనిషి ఒకడు దరఖాస్తు పంపాడు. ఇనుప కడ్డీ నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పడం అతని పని. ఏదో గొట్టంలో వింత చప్పుడు విన్నానన్నాడు గానీ, పేజీ నిండా భయంకరం, అద్భుతం లాంటి మాటలే తప్ప విషయం లేదు. ముగ్గురూ వద్దన్నారు.

పెద్దక్క రాసింది: "మీకేమనిపించిందో కాదు, ఏం వినబడిందో చెప్పండి. ఏ వీధి? ఎన్ని గంటలకు? మీరు పక్కకు జరిగితే చప్పుడు మారిందా?"

పది రోజులకు జవాబొచ్చింది. "బట్టల మిల్లు వెనక వీధి. మధ్యాహ్నం పన్నెండూ పది. ఎవరో కాలీడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు. జరిగి చూడాలని నాకు తట్టనేలేదు. మీరడిగారని నాలుగడుగులు వేసి విన్నాను. అదీ నాలుగడుగులు వేసింది."

పెద్దక్క పటం తీసింది. ఆ గొట్టం జానెడు వెడల్పు. ఇరవై ఏళ్ల కిందటే రెండు కొసలా మూసేశారు. చుక్క నీరు లేదు.

అప్పుడే భయపడాల్సింది. కానీ ఆమెకు సంతోషమే కలిగింది, రాస్తే ఇలా రాయాలని. వెంటనే మరో ఉత్తరం పెట్టింది: "చాలా బాగా వచ్చింది. ముగింపు ఒక్కటే లేదు. ఆ చప్పుడు ఎక్కడిదాకా పోతుందో కనుక్కోగలరా?"

రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత అతని భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, ఆ ఉత్తరాలు రాసేది మీరేనా? మా ఆయన రోజూ మిట్టమధ్యాహ్నం కడ్డీ పట్టుకుని పోతున్నాడు. అన్నం సయించట్లేదు. ఎందుకయ్యా అంటే, మేడమ్ ముగింపు అడిగారు అంటాడు."

పెద్దక్క ఆ వీధి పటం మళ్లీ బయటికి తీసింది. మర్నాడు తానే వెళ్లింది.

వీధి ఎండకు వెలవెలబోతోంది. పాత పంపుగది గోడలోంచి బయటికొచ్చిన గొట్టం ముందు అతను గొంతుక్కూర్చుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. గొట్టం మూతికి తుప్పు పట్టిన ఇనుప పలక, ఎనిమిది బోల్టులు.

"ఇక్కడికొచ్చి ఆగుతుంది మేడమ్. ఇవి విప్పేస్తే మీరడిగింది దొరుకుతుంది." అతని చేతిలో రెంచి ఉంది.

"ఉండు నాయనా. ముందు నన్ను విననీ."

కడ్డీ పలకకు ఆనించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో చాలా దూరంలో మొదలైంది. ఒక అడుగు, ఒక ఈడ్పు. తొందర లేకుండా దగ్గరికొచ్చింది. పలక అవతలే ఆగింది. అక్కడ ఎవరో తనలాగే ఊపిరి బిగబట్టి, చెవి ఆనించి వింటున్నట్టు అనిపించింది.

ఆమె మెల్లిగా కడ్డీ దించి, అతని చేతిలోంచి రెంచి తీసుకుంది.

"నేను రాసింది తప్పు. ముగింపు అక్కర్లేదు."

"మరి ప్రసంగం?"

"మిగతా ఇద్దరినీ నేను ఒప్పిస్తాను. విన్నంతవరకే చెప్పు. తెలియనిది తెలియదను. లే, మీ ఆవిడ ఎదురుచూస్తోంది."

సదస్సులో అతను తడబడకుండా పావుగంట మాట్లాడాడు. "అదేమిటో నాకు తెలియదు" అని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. వెనక వరుసలోంచి వేరే ఊరి లీకుల మనిషి లేచాడు.

"మీ దాంట్లో నడిచేది ఒక్కరేనా?" అని అడిగాడు.

మరుసటి ఏడు ఆ మనిషి దరఖాస్తు వచ్చింది. పెద్దక్క ఒక్క ప్రశ్నా వేయకుండా ఎంపిక చేసింది.