వాన ట్యాంకరు నీళ్లు

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో, అద్దం పక్కన, ఒక కాగితం అతికించారు. పైన ఏదో ల్యాబు ముద్ర, కింద గొలుసుకట్టు సంతకం, మధ్యలో లావు అక్షరాలతో "ఈ నీరు తాగుటకు యోగ్యము" అని. దాన్ని చింపింది నేనే. ఎవరు చింపారని వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు అడిగారు. అప్పుడు నోరు విప్పలేదు గానీ ఇప్పుడు చెబుతున్నాను. మళ్లీ అతికించి ఉంటే మళ్లీ చింపేదాన్నే.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. ఫిల్మ్‌నగర్ వాలులో పన్నెండు ఫ్లాట్ల బిల్డింగులో, రెండో అంతస్తులో అద్దెకుంటాను. తెర మీద ఏడ్చే అమ్మాయిలకి, కెవ్వుమనే అమ్మాయిలకి, వానలో వణికే అమ్మాయిలకి గొంతిచ్చి బతుకుతున్నాను. మా పైన జూబ్లీ హిల్స్‌లో పొద్దున్నే డ్రైవర్లు పైపులు పట్టుకుని కార్లు కడుగుతుంటారు. ఆ నీళ్లు రోడ్డు మీద పారుకుంటూ మా గేటు దాకా వస్తాయి. మా కుళాయికి మాత్రం రోజు విడిచి రోజు వస్తాయి, అవీ సన్నటి ధారగా. ఎండాకాలం మొదలయ్యేసరికి బోరు చేతులెత్తేస్తుంది. సంపు అడుగు కనపడుతుంది.

అలాంటి ఒక వేసవిలో మా సెక్రటరీగారు దేవుడిలా ఆదుకున్నాడు. సినిమాల్లో ఆయన ప్రొడక్షన్ మేనేజరు. షూటింగులో వాన కావాలంటే ట్యాంకర్లు తెప్పించి, పైపులు ఎత్తున కట్టి కురిపిస్తారు. ప్యాకప్ చెప్పాక ట్యాంకరులో నీళ్లు మిగిలితే, పారబోయడం ఎందుకని ఆయన మా సంపులోకి పంపేవాడు. మా చుట్టుపక్కల ఇది వింతేం కాదు. సెట్టులో మిగిలిన చెక్క ఒకరింట్లో అలమారా అవుతుంది, మిగిలిన రంగు ఇంకొకరి గోడకెక్కుతుంది. కృష్ణానగర్ గదుల్లో కిటికీ తెరలు చూసి అవి ఏ రాజమహలు సెట్టువో చెప్పేవాళ్లున్నారు. అలాగే మిగిలిన వాన మా సంపులోకి వచ్చింది. ఈ నీళ్లు ఎక్కడివని ఎవరూ అడగలేదు. గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. నేను రెండు పెట్టాను.

అడగకపోవడానికి కారణం ఉంది. పన్నెండు వంటిళ్లలోనూ గోడకి ఫిల్టరు ఉంది. లేనిది ఒక్క గదిలో. సెల్లారులో, సంపుని ఆనుకుని ఉన్న వాచ్‌మన్ గది అది. మొగుడూ పెళ్లాం పాలమూరు వైపు నుంచి వచ్చారు. అతను గేటు, మోటారు చూసుకునేవాడు. ఆమె మెట్లు కడిగేది, మా ఇంట్లో గిన్నెలు తోమేది. అప్పటికి ఆమెకి ఏడో నెల. తొలి కాన్పు. సంపు పక్కనున్న కుళాయి కింద బిందె పెట్టి, గుడ్డతో వడగట్టి, పైన పళ్లెం మూత పెట్టి, ఆ నీళ్లే తాగేవాళ్లు. రోజూ మా ఫిల్టరు కిందే నిలబడి గిన్నెలు తోమిన మనిషి. ఒక సీసా నింపుకుని వెళ్లమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అడగొచ్చని ఆమెకీ తోచలేదు.

నాకేమీ తెలియదనుకోకండి. ఆ రోజుల్లోనే ఒక వాన పాట ముందొచ్చే సీనుకి డబ్బింగ్ చెప్పాను. ఆ పాటలో వెనక వరసలో ఆడిన డాన్సరు ఒకామె తన ఒక్క డైలాగు చెప్పుకోవడానికి వచ్చింది. టీ తాగుతూ మోచేతుల మీద దద్దుర్లు చూపించింది.

"హీరోయిన్‌గారికి వేరే ట్యాంకరండీ, మంచినీళ్లు. మాకేమో ఏ చెరువులోంచి తోడుకొచ్చారో, ఒకటే కంపు. నోట్లోకి పోనీకుండా పెదాలు బిగించి నవ్వండి అన్నాడు డాన్సు మాస్టరు."

నేను నవ్వాను. అలా పెదాలు బిగించి నవ్వి చూపించమని కూడా అడిగాను. ఆ సినిమాకి మేనేజరు మా సెక్రటరీగారే. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి సంపు దగ్గర ఇంకో ట్యాంకరు ఖాళీ అవుతోంది. బురద వాసన వచ్చింది. ముక్కు మూసుకుని లిఫ్టెక్కాను.

నెల తిరక్కుండా ఒక పొద్దున ఆమె తోముతున్న గిన్నె వదిలేసి వంటింటి గడప మీద కూలబడింది.

"కడుపుల తిప్పుతుందక్కా. నాలుగొద్దులాయె, బువ్వ సయిస్తలేదు."

మొహం పైకెత్తితే కళ్లు పసుపు పూసినట్టున్నాయి. ఆటో పిలిచి, భర్తనీ ఎక్కించుకుని సర్కారు దవాఖానాకి తీసుకెళ్లాను. డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది ఏ నీళ్లు తాగుతున్నారని. సంపు నీళ్లని అతను చెప్పాడు. ఆవిడ నన్ను పక్కకి పిలిచింది.

"నీళ్ల వల్ల వచ్చే కామెర్లలా ఉన్నాయమ్మా. మామూలు వాళ్లకైతే చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. కడుపుతో ఉన్నవాళ్లకి ప్రాణం మీదకొస్తాయి. తల్లికీ, బిడ్డకీ కూడా."

ఆమెని అక్కడే చేర్చుకున్నారు.

ఆదివారం టెర్రస్ మీద ప్లాస్టిక్ కుర్చీలేసుకుని మీటింగు పెట్టారు. ట్యాంకర్లు ఆపండి, సంపు కడిగించండి, క్లోరిన్ వేయించండి అని చెప్పాను. సెక్రటరీగారు ఓపిగ్గా విన్నాడు.

"ఆవిడ మొన్ననే ఊరెళ్లొచ్చిందటండీ. అక్కడేం తిందో, ఏం తాగిందో మనకేం తెలుసు? నీళ్లలోనే లోపముంటే మీకూ రావాలిగా, నాకూ రావాలిగా?"

నాలుగో అంతస్తు ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది. "కామెర్లు అంటుకుంటాయేమోనండీ. దవాఖానా నుంచి వస్తే కొన్నాళ్లు వాళ్ల ఊరికి పంపించేద్దాం. పిల్లలున్న ఇళ్లు కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. జబ్బు సంపులో ఉంటే మనిషిని ఊరికి పంపుతారట. అన్నాను కూడా. దానికి, అద్దెకున్నవాళ్లు కాస్త నిదానంగా మాట్లాడాలని ఎవరో వెనక నుంచి గొణిగారు. నీళ్లు పరీక్ష చేయించేదాకా లేవనని కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. సరేనన్నారు. నాలుగు రోజులకి లిఫ్టులో ఆ కాగితం వెలిసింది. యోగ్యమట.

ఆ పొద్దునే లిఫ్టులో సెక్రటరీగారు ఎదురయ్యాడు.

"శాంపిల్ ఎక్కడ తీశారండీ?"

"మా వంటింట్లోనండీ."

"ఫిల్టరు కిందా?"

"మరెక్కడ తీయమంటారండీ? మనం తాగేది అదేగా."

ఆయన మొహంలో తప్పు చేసిన జంకు లేదు. ఉంటే బాగుండేది, తిట్టి మనసు కుదుటపరచుకునేదాన్ని. నిజంగానే అలా అనుకున్నాడు ఆయన. ఆ 'మనం'లో పన్నెండు ఫ్లాట్లున్నాయి, సెల్లారు లేదు. నా వృత్తిలో పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది. అది బొంకు అని టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు. ఇక్కడ ఫిల్టరు నీళ్లు తీసుకెళ్లి సంపుకి సర్టిఫికెట్టు ఇప్పించుకుని, దాన్ని లిఫ్టులో అతికించి, పైకీ కిందకీ తిరుగుతూ చదువుకుంటున్నారు. ఆయన దిగాక కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను.

ఆ ల్యాబుకే వెళ్లాను. అక్కడి టెక్నీషియను చెంచాడు మందు వేసిన చిన్న సీసా ఒకటి ఇచ్చాడు. "సంపు కుళాయి నీళ్లు గీత దాకా పోసి మూత బిగించండి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్లు తాగొద్దు" అన్నాడు. మర్నాటికే తారులా అయింది. దారం కట్టి లిఫ్టులో, కాగితం ఉన్నచోటే వేలాడదీశాను. కింద ఒక చీటీ రాసి పెట్టాను: "ఇవి మన సంపు నీళ్లు. వీటితోనే పళ్లు తోముకుంటున్నాం."

గ్రూపు భగ్గుమంది. చూడ్డానికి అసహ్యంగా ఉందని ఒకరు. చుట్టాలొస్తున్నారు, తీసేయండని ఒకరు. కూరగాయలు కూడా ఆ నీళ్లతోనే కడుగుతున్నామే అని నాలుగో అంతస్తు ఆవిడ. మధ్యాహ్నానికల్లా సంపు కడిగేవాళ్లు వచ్చేశారు. లోపల జానెడు మందాన నల్లటి బురద. సెల్లారు మనిషి పన్నెండు రోజులుగా దవాఖానాలో పడుంటే ఒక్కరూ మెట్లు దిగలేదు. తమ టూత్‌బ్రష్షుల మాట వచ్చేసరికి అందరూ దిగొచ్చారు. ముక్కుకి చీర కొంగులు, జేబురుమాళ్లు అడ్డం పెట్టుకుని సంపు చుట్టూ నిలబడ్డారు. వాళ్లని చూస్తే అసహ్యం వేసింది. నేనూ కొంగు అడ్డం పెట్టుకునే నిలబడ్డాను.

ట్యాంకర్లు ఆగిపోయాయి. సెల్లారు గదిలో ఫిల్టరు బిగించారు. సెక్రటరీగారు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుని గ్రూపులో పెట్టాడు. మళ్లీ దండం బొమ్మలు.

ఆమెకి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. తల్లిని బతికించారు. పాప దక్కలేదు. ఆ సంగతి గ్రూపులో నేనే రాశాను. దానికీ అవే దండం బొమ్మలు వచ్చాయి.

నెల్లాళ్ల తర్వాత తిరిగొచ్చింది. చూడ్డానికి కిందికి వెళ్లాను. సగమైపోయింది మనిషి. కొత్త ఫిల్టరు కింద గ్లాసు పెట్టి, నిండాక వెలుతురుకేసి ఎత్తి చూసింది. తాగలేదు.

"గీ నీళ్లు మంచిగున్నయా అక్కా?"

"బాగున్నాయి. భయం లేదు, తాగు."

గ్లాసు గట్టు మీద పెట్టింది.

"మరి గప్పుడు ఖరాబున్నయని ఎవ్వరికీ తెల్వదా అక్కా?"

నన్ను నిందించడానికి అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. దద్దుర్ల మోచేతులు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రం ముక్కు మూసుకుని లిఫ్టెక్కడం గుర్తొచ్చింది.

"ఎవరికీ తెలీదే," అన్నాను.

గొంతు వణకలేదు, ఎక్కడా తడబడలేదు. ఒక్క టేకులో ఓకే అయింది. ఆమె నమ్మి, నీళ్లు తాగింది.