మొహమాటానికి ఆపిన గడియారం

ఆ రోజుల్లో మమ్మల్ని చలికంటే ఎక్కువ వణికించింది వర్క్ వీసా. న్యూజిలాండ్ దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో చదువు ముగించి సూపర్ మార్కెట్‌లో షెల్ఫులు సర్దుతున్న నాకు, ఆ వీసా కావాలంటే ముందు పర్మినెంట్ ఉద్యోగం కావాలి. అది ఇవ్వడమా మానడమా అన్నది మా మేనేజర్ చేతిలో ఉంది. (పేరు పెట్టి పిలవమని ఆయన ఎంత బతిమాలినా నోరు రాక, ‘సర్’ దగ్గరే ఆగిపోయాను.) ఏ సంగతీ సోమవారం చెబుతానన్నారు. ఈలోగా శనివారం, తాను కోచ్‌గా ఉన్న హైస్కూలు అమ్మాయిల ఇండోర్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి గడియారం నడిపే మనిషి రాలేదని నన్ను పిలిచారు. గోల్‌కీపర్ ఆయన కూతురే.

పని తేలికే. బంతి బయటకు పోతే గడియారం ఆపాలి, లోపలికి రాగానే నడపాలి. తేడా పది గోల్స్‌కి చేరితే మాత్రం ఇక ఆపకూడదు. ఓడేవాళ్ల అవస్థ త్వరగా ముగియాలని ఆ రూలు. సగం ఆట కాకముందే మావాళ్లకు ఆ గతి పట్టింది. నా వేలు బటన్ మీద బిగుసుకుపోయింది. గడియారాన్ని వదిలేయడమంటే, “సర్, మీ పిల్లల పని అయిపోయింది” అని హాలంతా చాటింపు వేయడమే కదా. అందుకని మర్యాదగా ఆపాను. బంతి మళ్లీ బయటకు పోయింది, మళ్లీ ఆపాను. నేను ఆపినకొద్దీ ఆట సాగింది, ఆట సాగినకొద్దీ గోల్స్ పడ్డాయి. సర్ నావైపు చూసినప్పుడల్లా మరింత శ్రద్ధగా ఆపేవాణ్ణి.

పక్కన స్కోరు వేస్తున్న మా ఫ్లాట్‌లోని వరంగల్ అన్న గొంతు తగ్గించాడు. “ఏందిరా, రూల్ మర్చినవా? ఆ పిల్లలు అలిసిపోతున్నరు, నడవనియ్.”

“సర్ ఏమైనా అనుకుంటారేమో అన్నా.”

“ఇట్లనే ఆపుకుంట కూసో, సోమవారం నిన్ను గూడ ఆపుతడు.”

ఆఖరికి, మా బల్ల కిందికి దొర్లిన బంతి కోసం వచ్చిన గోల్‌కీపర్, రొప్పుతూ, ఇంగ్లీషులో మెల్లగా అడిగింది: “ప్లీజ్, దాన్ని నడవనివ్వరా?” సిగ్గుతో చచ్చి వదిలేశాను.

ఆట అయ్యాక సర్ నేరుగా నా దగ్గరికే వచ్చారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, కళ్లు తడిగా ఉన్నాయి. “మా పిల్లలు తేరుకుంటారని నమ్మింది నువ్వొక్కడివే,” అన్నారు. నిజం చెబుదామంటే మళ్లీ మొహమాటమే అడ్డొచ్చింది. సోమవారం ఉద్యోగం ఇచ్చారు.

ఇప్పుడు హామిల్టన్‌లో నా కూతురు అదే ఆట ఆడుతోంది. (నేను తెలుగులో అరుస్తాను, తను ఇంగ్లీషులో విసుక్కుంటుంది.) మొన్న వాళ్ల టీమ్ చిత్తుగా ఓడుతుంటే గడియారం ఆగకుండా పరుగెత్తింది. రూలు మంచిదే. అయినా ఆ బల్ల దగ్గర నాలాంటి మొహమాటస్తుడు ఒక్కడుంటే బాగుండేదనిపించింది. ఆ రోజు సర్ కళ్లు ఎందుకు తడిశాయో అప్పుడు తెలిసి, నాలో నేనే నవ్వుకున్నాను.