మలుపు దగ్గర మూలుగు

నెరిడా కాబ్‌క్రాఫ్ట్ ట్రామ్ నడిపేది. మెల్‌బోర్న్ ఉత్తరాన ప్రెస్టన్ డిపోలో చేరినప్పుడు ఆమెకు ముప్పై దాటలేదు. ఈ సంగతులు జరిగేనాటికి జుట్టు సగం నెరిసింది. మధ్యలో పెళ్లయింది, విడిపోయింది, పిల్లలు లేరు. తెల్లవారకముందే మొదటి షిఫ్టు ఎక్కి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి, బూట్లు విప్పి టీ పెట్టుకునేది. అంతకు మించి ఆమె జీవితం గురించి డిపోలో ఎవరికీ తెలియదు. ఫొటినికి తప్ప.

ఫొటిని కూడా ట్రామ్ డ్రైవరే. గ్రీకు పిల్ల అని అప్పట్లో అందరూ అనేవారు, ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటోంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. నెరిడా చిన్నప్పుడు బడిలో పాటల టీచరు ఆమెను వెనక వరసలో నిలబెట్టి, "నువ్వు పెదాలు కదిపితే చాలు, గొంతు ఎత్తకు" అందని ఫొటినికి ఒక్కదానికే తెలుసు. ఆ మాట పడ్డాక నెరిడా మళ్లీ పాడలేదు. కానీ వినడం మానలేదు. చర్చి పక్క మలుపులో ట్రామ్ తిరిగేటప్పుడు పట్టాలు ఒక మూలుగు మూలిగేవి. కింది నుంచి మెల్లగా లేచి, పైకి పోయి, పైన ఎక్కడో గొంతు పట్టేసినట్టు చిట్లిపోయేది. ప్రయాణికులు చెవులు మూసుకునేవారు. నెరిడా మాత్రం దానికోసమే ఆ మలుపులో బండిని కాస్త నిదానంగా తిప్పేది.

ఒక శరత్తులో వార్డు లైబ్రరీ గోడమీద కాగితం చూసింది. శనివారం సాయంత్రాలు సింథసైజర్ అనే కరెంటు వాయిద్యం మీద శబ్దాలు చేయడం నేర్పుతారట, సంగీతం రాకపోయినా ఫర్వాలేదట. ఆ చివరి మాట చూసి వెళ్లింది.

నేర్పేవాడు లైల్ పెంబర్టన్. సినిమాలకు శబ్దాలు చేసే మనిషి. పొడుగ్గా, మేజోళ్ల మీద చెప్పులు వేసుకుని, ఎవరితో మాట్లాడినా ఆ ఒక్కరికోసమే పుట్టినట్టు మాట్లాడేవాడు. క్లాసులో అందరూ పాతికేళ్ల లోపు మగపిల్లలు. వాళ్ల కళ్లన్నీ లైల్ తెచ్చిన బీరువాలాంటి దాని మీదే. దాని నిండా మీటలు, కన్నాలు, రంగురంగుల వైర్లు. ఏ ముక్కకా ముక్క విడిగా కొని, వైర్లతో కలిపితే తప్ప చప్పుడు చేయదు; మాడ్యులర్ అంటారు దాన్ని.

"నాకు అంతది వద్దండీ. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి చాలు," అంది నెరిడా.

లైల్ ఒక చిన్న పెట్టె తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది సగం మాడ్యులర్. లోపల వాళ్లే అన్నీ కలిపి ఇస్తారు. ఒక్క వైరు కూడా లేకుండా మీట నొక్కండి, మోగుతుంది. అది విసుగేశాక ఈ కన్నాల్లో మీ వైరు గుచ్చండి. గుచ్చిన చోట లోపలి కలయిక తెగిపోతుంది, మీరు చెప్పిందే చెల్లుతుంది. దారి తప్పారా, వైర్లన్నీ పీకేయండి. మళ్లీ మొదటికొచ్చి కూర్చుంటుంది. భయమేం లేదు."

"పీకేస్తే నేను చేసింది పోతుంది కదా?"

"పోతుంది. అదే దీని అందం," అని నవ్వాడు.

నెలయ్యేలోపు అలాంటి పెట్టె ఒకటి నెరిడా వంటింటి బల్ల మీదికి వచ్చింది. ఫొటిని పాలకూర కూరిన రొట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటే, టెలిఫోన్ ఆఫీసు తెరిచావా?"

"కూర్చో, వినిపిస్తా."

విని ఫొటిని మొహం చిట్లించింది. "మా ఆయన కడుపునొప్పొస్తే ఇలాగే మూలుగుతాడు. దీనికి ఇంత పెట్టె ఎందుకే తల్లీ?"

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. నెరిడా నవ్వగా ఫొటిని చాలా ఏళ్లకి చూసింది.

నెరిడాకు కావలసింది రాగాలు కావు, ఆ మలుపు దగ్గరి మూలుగు. వారాల తరబడి మధ్యాహ్నాలు దానికోసమే కూర్చుంది. లేవడం వచ్చేది, చిట్లడం వచ్చేది కాదు. చిట్లితే ఇనుములా ఉండేది కాదు, రేడియో గరగరలా ఉండేది. ఒక ఆదివారం టీ చల్లారిపోతుండగా అది వచ్చేసింది. ఇనుమూ, బరువూ, ఆ గొంతు పట్టేయడమూ, అన్నీ. నెరిడా కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి, అక్కడ నిలబడి ఏడ్చింది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

వైరు ఒక్కటి కదిలినా పోతుందన్న భయంతో పెట్టెను వైర్లతో సహా బట్టల బుట్టలో పెట్టి, చుట్టూ తువ్వాళ్లు కుక్కి, ఒళ్లో పెట్టుకుని ట్రామ్‌లో థార్న్‌బరీ వెళ్లింది. అక్కడ లైల్ ఇంటి వెనక కారు షెడ్డే అతని పనిచోటు. అప్పటికి వాళ్ల మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. వారానికోసారి అక్కడికి వెళ్లేది, అతను ఓపిగ్గా చెప్పేవాడు.

లైల్ మొత్తం విన్నాడు.

"నెరిడా, ఇది ఎవరూ చేయలేదు. నిజంగా చెప్తున్నా. ఒకసారి రికార్డు చేద్దాం. ఊరికే, గుర్తుకి."

చేశాడు. ఒకటికి పదిసార్లు, పైకీ కిందికీ, అన్ని రకాలుగా. అయ్యాక ఆమె వైపు తిరిగి, "ఇక వైర్లు పీకేయ్," అన్నాడు.

"ఇప్పుడేనా? ఇంటికెళ్లి ఇంకోసారి విందామనుకున్నా."

"అదే వద్దు. దొరికిన దాన్ని పట్టుకు వేలాడితే అక్కడే ఆగిపోతావ్. ఈ విద్యలో ఉన్న నియమం అదొక్కటే."

గురువు మాట. పీకేసింది. పీకిన వైర్లను చుట్టి బుట్టలో వేసుకుని, పొగడ్త ఇచ్చిన మత్తులో ఇంటికొచ్చింది.

ఆ తర్వాత లైల్‌కి తీరిక దొరకడం మానేసింది. ఫోను చేస్తే "వచ్చే వారం" అనేవాడు. ఏడాది తిరిగేసరికి అతను శబ్దాలు చేసిన సినిమా వచ్చింది. అడవి మంటల్లో కాలిపోయిన ఊరి కథ. పత్రికలన్నీ కథకన్నా శబ్దాన్నే మెచ్చుకున్నాయి, దానికి బహుమతి కూడా వచ్చింది. గురువు గొప్ప చూద్దామని నెరిడా ఫొటినిని వెంటేసుకుని కార్ల్‌టన్‌లోని సినిమా హాలుకి వెళ్లింది.

కాలిపోయిన ఊళ్లోకి ముసలాయన తిరిగొచ్చి, తన ఇంటి చోట నిలబడతాడు. తెర మీద బూడిద తప్ప ఏమీ లేదు. అప్పుడు కింది నుంచి ఆ మూలుగు లేచింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. నెరిడా చేతిలోని ఐస్‌క్రీం వేళ్ల మీదుగా కారుతున్నా ఆమెకు తెలియలేదు.

"ఒసే, ఇది నీ వంటింటిది కాదూ?" అంది ఫొటిని చెవిలో.

చివర్లో పేర్లు పడుతుంటే ఇద్దరూ లేవకుండా చదివారు. శబ్దం: లైల్ పెంబర్టన్. కృతజ్ఞతల్లో ఒక బేకరీ పేరుంది, ఊరి అగ్నిమాపక దళం ఉంది, ఎవరిదో కుక్క పేరు కూడా ఉంది.

"కేసు వెయ్యవే," అంది ఫొటిని రోడ్డు మీదికి రాగానే.

"ఏమని వెయ్యను? నా మూలుగు పోయిందనా?"

కేసు వెయ్యలేదు గానీ ఊరుకోనూ లేదు. కోబర్గ్‌లో ఒక పబ్బు వెనక గదిలో నెలకోసారి ఈ పిచ్చి ఉన్నవాళ్లంతా పెట్టెలు మోసుకుని చేరేవారు. ఆ నెల లైల్‌ను అభినందించడానికి గది నిండిపోయింది. నెరిడా అతని ముందుకెళ్లి నిలబడింది.

"ఆ సినిమాలో మూలుగు నాది, లైల్."

అతను చిన్నబుచ్చుకోలేదు, కోప్పడలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నా షెడ్డులో, నేను నేర్పిన పద్ధతిలో, నా మైకు ముందు చేశాం. గుర్తుందా? ఇద్దరం కలిసి ఏవేవో చేసేవాళ్లం. ఏది ఎవరిదని విడదీస్తాం?"

"ఇద్దరం కాదు. నేను ఇంటి దగ్గర చేసి తెచ్చాను."

"సరే, పెట్టె తెచ్చావుగా. ఇప్పుడు చేసి చూపించు. అది వస్తే రేపే నీ పేరు వేయించమని చెప్తాను. అందరూ సాక్ష్యం."

గది సద్దుమణిగింది. నెరిడా పెట్టె బల్ల మీద పెట్టి ఒక్కో వైరూ గుచ్చింది. ఏది ఎక్కడ గుచ్చిందో ఆమెకు కలలో కూడా గుర్తే. ఏదీ ఊడిపోకూడదని ప్రతి వైరునూ గట్టిగా నొక్కి మరీ గుచ్చింది. మీట తిప్పింది. మూలుగు లేచింది, పైకి పోయింది, చిట్లలేదు. మళ్లీ తిప్పింది. రేడియో గరగర. మళ్లీ.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఒకతను, "ఫర్వాలేదమ్మా, ఇవి ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రావు," అన్నాడు. ఇంకొకరు బీరు తెచ్చిపెట్టారు. లైల్ స్వయంగా వైర్లు తీయడంలో సాయం చేశాడు.

ఆ శీతాకాలమంతా ఆమె బల్ల దగ్గర నుంచి లేవలేదు. ఫొటిని తిట్టింది, బతిమాలింది, సూపు తెచ్చి పెట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం వైరు ఒకటి గుచ్చుతుండగా ఫోను మోగింది. సగం గుచ్చిన వైరును అలాగే వదిలి లేవబోతే, మోచెయ్యి మీటకు తగిలింది. గదిలో చర్చి పక్క మలుపు మూలిగింది.

వైరు సగమే దిగడం వల్ల లోపలి పాత కలయిక తెగలేదు, కొత్తది పూర్తిగా కుదరలేదు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆ ఆదివారం కూడా అదే జరిగి ఉంటుంది. పబ్బులో గట్టిగా నొక్కి నొక్కి తనే దాన్ని చంపుకుంది.

ఆలోచించలేదు. బట్టల బుట్ట తీసింది, తువ్వాళ్లు కుక్కింది, ట్రామ్ ఎక్కింది.

లైల్ తలుపు తీసి ఆమెనూ బుట్టనూ చూశాడు. ఆమె నేరుగా షెడ్డులోకి వెళ్లి మోగించింది.

"ఇప్పుడు చెప్పు. ఎవరిది?"

అతను కూలబడ్డట్టు కుర్చీలో కూర్చున్నాడు. "ఎలా చేశావ్?"

అన్నాళ్లకి ఆ గొంతులో దర్పం లేదు, ఆకలి ఉంది. అది చూసి నెరిడాకు కడుపు నిండినట్టయింది. గెలిచానన్న సంబరంలో ముందుకు వంగి, "ఇదిగో, ఈ వైరు. పూర్తిగా గుచ్చకూడదు. సగం దాకా. ఇదిగో, ఇంత," అని వేలుపెట్టి చూపించింది.

లైల్ వంగి చూశాడు. తనూ ఒకసారి సగం గుచ్చాడు. మోగింది. అతని మొహం విచ్చుకుంది.

"దేవుడా! కొత్త సినిమా వాళ్లు అదే శబ్దం, ఇంకా పెద్దగా, ఇంకా రకరకాలుగా కావాలని ప్రాణం తీస్తున్నారు. పాత రికార్డుతో ఎంతని నెట్టుకొస్తాను? నేనెంత కొట్టుకున్నా రాలేదు నెరిడా. నువ్వు నన్ను కాపాడావ్."

అప్పటికి గాని తను ఏం చేసిందో ఆమెకు అర్థం కాలేదు.

"నా పేరు వేయిస్తానన్నావ్," అంది మెల్లగా.

"వేయిస్తాను. తప్పకుండా. కాస్త సమయం చూసుకుని."

ఆ సమయం రాలేదు. కొత్త సినిమా వచ్చింది. ఆ తర్వాత లైబ్రరీ గోడ మీద కాగితం పడింది: పెంబర్టన్ సగం గుచ్చుడు పద్ధతి, రెండు శనివారాలు, అనుభవం అక్కర్లేదు. ఫొటిని ఆ కాగితాన్ని పీకి, ఉండచుట్టి, డిపోకు తెచ్చి నెరిడాకు చూపించింది. నెరిడా దాన్ని సాపుచేసి చదివి చెత్తబుట్టలో వేసింది.

ఫొటిని రిటైరైన రోజు డిపో భోజనాల గదిలో చిన్న విందు పెట్టారు. "నాకు వేరే బహుమానం వద్దు. నీ పెట్టె తెచ్చి ఆ మలుపు మోగించు," అని ఫొటిని పట్టుబట్టింది. నెరిడా కాదనలేకపోయింది. ముప్పై ఏళ్లు ఆ మలుపు తిరిగిన వాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. ఆమె వైరు సగం గుచ్చి మీట తిప్పింది.

అందరికన్నా ముందు కొత్తగా చేరిన డ్రైవరు చప్పట్లు కొట్టాడు. "ఇది ఆ మంటల సినిమాలోది కదూ! భలే కాపీ కొట్టారండీ, అచ్చు అదే!"

ఫొటిని కేకు కత్తి పట్టుకునే అతని మీదికి లేచింది. "నోర్ముయ్ రా వెధవా! అది దీనిది, వాడే దొంగ—"

"వదిలెయ్ ఫొటినీ," అంది నెరిడా.

"ఎందుకు వదలాలి?"

"అది నాదని చెప్తే, ఇక్కడ కూడా మళ్లీ మొదట్నుంచి చేసి చూపించమంటారు. చూపిస్తే, అది లైల్ పద్ధతేగా అంటారు."

ఆ కుర్రాడు తెల్లమొహం వేసి అందరి వైపూ చూశాడు. ఎవరో మాట మార్చారు, ఎవరో కేకు ముక్కలు పంచారు. నెరిడా తన ముక్క నిలబడే తినేసి, వైర్లు తీసి పెట్టె మూసి, ఎంగిలి పళ్లాలు కడగడానికి పంపు దగ్గరికి వెళ్లింది.