పడవకు వేసిన పలుపు

మా ముత్తాత పాళెగాడు. మా తాత పన్నెండు ఊళ్ళకు పెద్ద. మా నాయన ఒక్క ఊరికి మునసబు. ఇక నేను మా ఇంటికి యజమానిని, అదీ మా అమ్మ ఇంట్లో లేనప్పుడు. ఇంతటి వంశగౌరవాన్ని ఒక్క పూటలో నీళ్ళపాలు చేసిన ఘనత నాది. పత్తికొండ పక్కన పుట్టినవాడికి అందుకు చాలినన్ని నీళ్ళు ఎక్కడివంటారా? వెతుక్కుంటూ వెళ్ళాను.

యాభైల నాటి మాట. నెల్లూరు వైపు ఏరు సముద్రంలో కలిసేచోట ఒక పల్లె ఉంది. ఎండాకాలం మద్రాసు దొరబాబులు అక్కడ విడిది చేసి, తెరచాప పడవల్లో పందేలు ఆడేవారు. నేనూ, నా చిన్ననాటి స్నేహితుడు ఖాసిమూ చూడబోయాం. దొరబాబులకు నేను తీసిపోతానా? పొద్దున్నే పోలయ్య అనే జాలరిని అడిగి అతని ముసలి పడవ తీసుకున్నాను.

"జాగ్రత్తయ్యా, మా ఇంటిల్లిపాదికీ కూడు పెట్టేది ఇదొక్కటే. రేవులో కట్టేటప్పుడు తాడు వదులుగా ఉంచండి."

"పలుపు కట్టేది మాకు చెప్తాండావా? మా కొట్టంలో నలభై ఎద్దులుండేవి!"

"ఇప్పుడెన్నుండాయప్పా?" అన్నాడు ఖాసిం. ఇలాంటివాళ్ళను వెంట తీసుకుపోరాదు.

గానుగెద్దులా తిరిగినచోటే తిరిగి రేవు చేరాను. నీళ్ళు గట్టు అంచుదాకా ఉన్నాయి. పొడిచే ఎద్దును కట్టినట్టు పడవను ముందొక గుంజకూ వెనకొక గుంజకూ బిగించాను. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అంటారు. ఎద్దులు కట్టేవాడికేం తెలుసు ఆటుపోట్లు?

భోంచేసి, కునుకు తీసి వచ్చేసరికి రేవంతా నవ్వులు. ఏట్లో నీళ్ళు నడుములోతు దిగిపోయి, గట్టు కింది రాళ్ళు బయటపడ్డాయి. పడవ మాత్రం గుంజల మధ్య గాలిలో వేలాడుతోంది.

"ఏమప్పా, పడవను ఆరేసినావా?" అన్నాడు ఖాసిం.

పోలయ్య పరుగున వచ్చాడు. "తాడు ముట్టుకోకండయ్యా! సాయంత్రానికి నీళ్ళు మళ్ళీ వస్తాయి. పడవ దానంతటదే తేలుద్ది."

"పోయిన నీళ్ళు మళ్ళా వచ్చేదేంది? మా సీమలో యాడన్నా వచ్చినాయా?"

"ఆయప్ప ఈడ పుట్టినోడు, ఇనప్పా!" ఖాసిం నా చెయ్యి పట్టుకున్నాడు.

దొరబాబులు చూస్తున్నారు. పాళెగాడి రక్తం పొంగింది. పక్కన పడి ఉన్న కొడవలి అందుకుని అటొక వేటు, ఇటొక వేటు వేశాను. పడవ కింది రాళ్ళమీద పడి, దిష్టి గుమ్మడికాయలా పగిలింది.

పోలయ్య తిట్టలేదు. ఉన్నచోటే చతికిలబడ్డాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! నేనూ పక్కన కూర్చున్నాను. సాయంత్రం నీళ్ళు తిరిగొచ్చాయి. మెల్లగా, మర్యాదగా, నా చెప్పులదాకా వచ్చి పలకరించాయి. పడవ చెక్కలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

"తేలుద్దని చెప్పా గదయ్యా," అన్నాడు పోలయ్య.

మా మూడు తరాల పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నీళ్ళ దగ్గర పుట్టినవాడు నీళ్ళ సంగతి చెబుతుంటే ఈ జన్మలో అడ్డుచెప్పను. పోలయ్యకు కొత్త పడవ చేయించి ఇచ్చాం. అందుకోసం మా ముత్తాత పల్లకి అమ్మేశాం.